రోడ్డు డిజైన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి: ఒక ఐపీ (మలుపు మూల) జరిపి చూడండి, తెలిసిపోద్ది

"అన్నా, సివిల్ త్రీడీ నేర్చుకోవాలా, ఓపెన్‌రోడ్స్ నేర్చుకోవాలా" అని నెలకి ఒకరైనా అడుగుతారు. సొంతంగా ఆఫీసు పెట్టినవాళ్లయితే ఇదే ప్రశ్న ఇంకొంచెం సీరియస్‌గా, "ఏది కొంటే మంచిది" అని అడుగుతారు. ఇద్దరికీ నేను ముందు ఎదురు ప్రశ్నే వేస్తా. డిజైన్ అయ్యాక ఆ ఫైల్ ఎవరి చేతికి వెళ్తది? ఎందుకంటే చాలా కాంట్రాక్టుల్లో ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలో ముందే రాసి ఉంటది, క్లయింట్ డీజీఎన్ (బెంట్లీ వాళ్ల ఫైల్ ఫార్మాట్) అన్నాడంటే పోలికలూ వీడియోలూ అన్నీ పక్కన పెట్టి ఓపెన్‌రోడ్స్ డిజైనర్‌లో కూర్చోవడమే, డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫార్మాట్) అన్నాడంటే సివిల్ త్రీడీ వైపు వెళ్లడమే. సగం మందికి ఎంపిక ఇక్కడితోనే అయిపోద్ది. ఈ గోలంతా మిగతా సగం కోసం.

"ఎందులో చేస్తే ఏంటి, కన్వర్ట్ చేసి ఇచ్చేస్తాంలే" అనేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లకో మాట. కన్వర్ట్ అయ్యేది గీతలు, డిజైన్ కాదు. సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా మార్చుకునే ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్‌లో అలైన్‌మెంట్ (పైనుంచి చూస్తే రోడ్డు వెళ్లే గీత) వెళ్తది, ప్రొఫైల్ (దాని పొడవునా ఎత్తుల గీత) వెళ్తది, టిన్ సర్ఫేస్ (త్రికోణాలతో చేసిన నేల మోడల్) వెళ్తది. కానీ ఆ రోడ్డు ఎలా కట్టామో ఆ లాజిక్, అంటే ఏ చైనేజ్ (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరం) నుంచి ఏ టైపికల్ సెక్షన్ (రోడ్డు అడ్డకోత నమూనా), కటింగ్ వస్తే ఏ స్లోపు, ఫిల్లింగ్ వస్తే ఏ స్లోపు, డ్రైన్ ఎక్కడ మొదలవ్వాలి, ఇదేదీ వెళ్లదు. అవతల వాళ్లు కారిడార్‌ని (రోడ్డు త్రీడీ మోడల్‌ని) మళ్లీ ఓనమాల నుంచి కట్టుకోవాల్సిందే. ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ 1.2 అనేది 2008 నాటి వెర్షన్, అందరం ఇంకా దాని మీదే బతుకుతున్నాం. మోడల్స్ మార్చుకునే ఇంకో ఫార్మాట్ ఐఎఫ్‌సీ, దాని 4.3 వెర్షన్ ఐఎస్ఓ స్టాండర్డ్‌గా 2024లో వచ్చింది, అందులో అలైన్‌మెంట్, రోడ్డు, రైలు అన్నీ చేర్చారు, మోడల్స్ పక్కపక్కన పెట్టి ఎక్కడ ఏది గుద్దుకుంటుందో చూసుకోడానికి బాగుంటది, అంతేగానీ దాన్ని తెరిచి డిజైన్ కంటిన్యూ చేద్దాం అనుకుంటే మాత్రం కుదరదు.

సరే, ఫార్మాట్ బలవంతం ఏమీ లేదు, మీ ఇష్టం అనుకుందాం. అప్పుడు ఫీచర్ల లిస్టు చూసి ఎంచుకోకండి. బ్రోషర్‌లో అన్నీ అన్నీ చేస్తాయి. నేను చూసేది ఒక్కటే. డిజైన్ మొత్తం అయిపోయి, షీట్లు కూడా తీశాక, ఎవరో వచ్చి "ఈ కర్వ్ కొంచెం పెద్దది చేయండి" అంటారే, ఆ రోజు ఏమవుద్ది? రోడ్డు పనిలో ఆ రోజు రాకుండా ఉండదు. ల్యాండ్ ప్రాబ్లం వస్తది, కరెంటు టవర్ అడ్డొస్తది, ఇంకేదో వస్తది.

లెక్క చూపిస్తా. ఐపీ అంటే రెండు తిన్నని గీతలు కలిసే మూల. రోడ్డు 60 డిగ్రీలు తిరిగే ఒక ఐపీ, రేడియస్ 250 మీటర్లు. టాంజెంట్ (ఐపీ నుంచి కర్వ్ మొదలయ్యే చోటిదాకా దూరం) 144.3, కర్వ్ పొడవు 261.8. ఇప్పుడు రేడియస్ 300 చేయండి, టాంజెంట్ 173.2, కర్వ్ పొడవు 314.2. రెండింటినీ వేసి చూస్తే రోడ్డు మొత్తం పొడవు 5.4 మీటర్లు తగ్గింది. చూడ్డానికి చిన్నదే. కానీ ఆ కర్వ్ తర్వాత ఉన్న ప్రతి చైనేజ్ జరిగింది, నిన్నటిదాకా 3+420 దగ్గర ఉన్న కల్వర్ట్ ఇవాళ 3+414.6 దగ్గర ఉంది. వాగు మాత్రం ఎక్కడికీ జరగలేదు పాపం. గ్రౌండ్ ప్రొఫైల్ ఈ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా దానంతటదే అప్‌డేట్ అవుద్ది, దాన్ని చూసి మురిసిపోకండి. డిజైన్ గ్రేడ్ లైన్ (రోడ్డు ఉండాల్సిన ఎత్తుల గీత) చైనేజ్‌ని పట్టుకుని ఉంటది కాబట్టి వర్టికల్ ఐపీలు (ఆ గీత వాలు మారే చోట్లు) పాత నంబర్ల దగ్గరే ఉండిపోతాయి, అంటే నేల మీద చూస్తే 5.4 మీటర్లు ముందుకి జారిపోయినట్టు. వంతెన అప్రోచ్‌లో ఇది చాలు కొంప ముంచడానికి.

నాకు ఇది తగిలింది, ఏ సాఫ్ట్‌వేరో చెప్పను ఎందుకంటే తప్పు దానిది కాదు, నాదే. మోడల్ అంతా అప్‌డేట్ అయింది, లేబుల్స్ అప్‌డేట్ అయ్యాయి, కల్వర్ట్ షెడ్యూల్ టేబుల్ మాత్రం నేను చేత్తో టైప్ చేసింది, అది మర్చిపోయా. సైట్‌లో సర్వేయర్ మార్కింగ్ ఇచ్చేటప్పుడు "సార్, ఇక్కడ వాగు లేదు, కాస్త అవతల ఉంది" అని ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. అప్పట్నుంచి నా రూల్ ఏంటంటే, ఒక సాఫ్ట్‌వేర్‌లో చైనేజ్ చేత్తో టైప్ చేయాల్సిన చోట్లు ఎన్ని ఉన్నాయో చూస్తా. తక్కువ ఉన్నదే మంచి సాఫ్ట్‌వేర్.

ఈ కళ్లజోడు పెట్టుకుని మూడు పెద్దవాటినీ చూద్దాం.

సివిల్ త్రీడీ ఆటోడెస్క్ వాళ్లది, ఆటోక్యాడ్ మీద కూర్చుని ఉంటది, అదే దాని బలం. ఆటోక్యాడ్ తెలిసినవాళ్లు దొరకని ఊరు లేదు కాబట్టి మనుషుల్ని పెట్టుకోవడం తేలిక. సర్ఫేస్, అలైన్‌మెంట్, ప్రొఫైల్, అసెంబ్లీ, వీటన్నిటినీ కలిపితే కారిడార్, ఒకదాన్ని కదిపితే దాని మీద ఆధారపడినవన్నీ కదులుతాయి. అసెంబ్లీ అనేది సబ్అసెంబ్లీలు అతికించి చేస్తాం, లేన్ ఒకటి, షోల్డర్ ఒకటి, డేలైట్ (స్లోపు వెళ్లి నేలని తగిలే భాగం) ఒకటి, పిల్లలు బ్లాక్స్ పేర్చినట్టు. రెడీమేడ్‌వి బోలెడు ఉంటాయి, మామూలు రోడ్డుకి సరిపోతాయి. సరిపోనప్పుడు ఉంటది అసలు తమాషా, సబ్అసెంబ్లీ కంపోజర్ అని వేరే ప్రోగ్రాం, అందులో ఫ్లోచార్ట్ లాగా గీసి మన సొంత ముక్క తయారు చేసుకోవాలి, మొదటిసారి నాకు రెండు రోజులు పట్టింది, అది కూడా ఒక మామూలు బెంచింగ్ కోసం. 2020 వెర్షన్ నుంచి డైనమో (బ్లాకులు కలిపి స్క్రిప్ట్ చేసుకునే టూల్) కూడా కలిసింది, రిపీట్ పనులకి అది నిజంగా వరం.

సివిల్ త్రీడీతో ఇబ్బంది ఎక్కడంటే పెద్ద ప్రాజెక్టులో. అన్నీ ఒకే డ్రాయింగ్‌లో పెట్టారంటే ఫైల్ ఏనుగైపోద్ది, రీబిల్డ్ ఆటోమేటిక్‌లో పెట్టి ఉంటే ఐపీ వేలు పెట్టి కదిపినప్పుడల్లా టీ తాగి రావొచ్చు. అందుకే సర్ఫేస్ ఒక ఫైల్, అలైన్‌మెంట్లు ఒక ఫైల్, కారిడార్ ఇంకో ఫైల్, వీటి మధ్య డేటా షార్ట్‌కట్లు, ఇలా విడగొట్టుకోవాలి. మొదటి రోజే విడగొట్టాలి, మధ్యలో విడగొడదాం అనుకుంటే తల ప్రాణం తోకకొస్తది. ఇంకోటి, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన డ్రాయింగ్‌ని పాత వెర్షన్‌లో తెరిస్తే గీతలు కనబడినా సివిల్ ఆబ్జెక్ట్స్ ఎడిట్ అవ్వవు. టీంలో ఒక్కడు సరదాకి అప్‌గ్రేడ్ అయ్యాడంటే మిగతా అందరూ అప్‌గ్రేడ్ అవ్వాలి, లేదా వాణ్ణి అందరూ తిట్టుకోవాలి.

ఓపెన్‌రోడ్స్ డిజైనర్ బెంట్లీది. ఇన్‌రోడ్స్, జియోప్యాక్, ఎమ్ఎక్స్‌రోడ్ అని ముందు వేరువేరుగా ఉండేవి, వాటి స్థానంలో ఇది వచ్చింది. ఇందులో నాకు నచ్చేది గీసేటప్పుడు మన ఉద్దేశాన్ని గుర్తుపెట్టుకోవడం. ఒక ఎడ్జ్‌ని సెంటర్‌లైన్ నుంచి 3.5 మీటర్ల ఆఫ్‌సెట్‌లో గీశామనుకోండి, అది కేవలం గీత కాదు, ఆ 3.5 అనే రూల్ దానికి అంటుకునే ఉంటది. సెంటర్‌లైన్ కదిలితే ఇదీ కదులుద్ది, 3.5 మీద క్లిక్ చేసి 3.75 చేస్తే అయిపోద్ది. టెంప్లేట్ కూడా ముక్కలు కాదు, పాయింట్లు, ఆ పాయింట్ల మధ్య కన్‌స్ట్రెయింట్లు. ప్రతి పాయింట్‌కీ రెండు కన్‌స్ట్రెయింట్లు ఇవ్వొచ్చు, రెండూ ఇస్తే ఎర్రగా కనబడుద్ది, ఒకటే ఇస్తే పసుపు, ఏమీ లేకపోతే ఆకుపచ్చ. కొత్తవాళ్లు ఎర్రగా ఉంటే తప్పేమో అని భయపడతారు, నిజానికి ఎరుపే క్షేమం, పాయింట్ పూర్తిగా కట్టి ఉంది అని అర్థం. ఆకుపచ్చది గాల్లో ఉన్నట్టు. వేరే పద్ధతి సెక్షన్ కావాలంటే ఇక్కడ ప్రోగ్రాం రాయక్కర్లేదు, పాయింట్లు కట్టుకుంటూ పోతే చాలు, కటింగ్‌కి ఇది, ఫిల్లింగ్‌కి అది, రెండూ తగలకపోతే ఇంకోటి అని ఎండ్ కండిషన్స్‌కి వరస ఇచ్చుకోవచ్చు. సివిల్ త్రీడీలో ఇదే పని కండిషనల్ సబ్అసెంబ్లీలతో అవుద్ది, కానీ అసెంబ్లీ చెట్టు కొమ్మల్లా పెరిగిపోయి స్క్రీన్ మీద పట్టదు.

మరి అందరూ ఓపెన్‌రోడ్స్ ఎందుకు వాడరు అంటే, మొదటి నెల నరకం. మైక్రోస్టేషన్ (బెంట్లీ వాళ్ల క్యాడ్, ఓపెన్‌రోడ్స్ దాని మీదే నడుస్తది) తెలియనివాళ్లకి మరీను. ఫైల్ తెరిస్తే ఒకే డీజీఎన్‌లో టూడీ మోడల్ ఒకటి, త్రీడీ మోడల్ ఒకటి, ప్లాన్ టూడీలో గీస్తే త్రీడీది అదే తయారు చేసుకుంటది, ఆ విషయం తెలియక త్రీడీలోకి వెళ్లి గీసి, తర్వాత ఏదీ పనిచేయట్లేదు అని నెత్తి పట్టుకున్న కుర్రాళ్లని చాలామందిని చూశా. ఇంకా వర్క్‌స్పేస్ సంగతి. ఫీచర్ డెఫినిషన్లు, టెంప్లేట్ లైబ్రరీ, షీట్ సీడ్స్, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని సెట్ చేసి పెట్టాలి. క్లయింట్ రెడీగా వర్క్‌స్పేస్ ఇస్తే హాయి. ఇవ్వకపోతే, ఇద్దరు ముగ్గురున్న చిన్న ఆఫీసులో ఆ పని ఎవరు చేస్తారు? అందుకే చిన్న టీంకి, క్లయింట్ అడగకపోతే, నేను ఓపెన్‌రోడ్స్ చెప్పను. సాఫ్ట్‌వేర్ గొప్పదే, దాన్ని సాకడానికి మనిషి కావాలి.

12డి మోడల్ గురించి మన వాళ్లకి పెద్దగా తెలియదు, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ప్రాజెక్టులు చేసేవాళ్లకి మాత్రం అదే ప్రపంచం. ఇది స్ట్రింగ్స్ మీద నడుస్తది, రోడ్డంటే పొడవునా సాగే త్రీడీ తీగల కట్ట అన్నమాట, సెంటర్‌లైన్ ఒక తీగ, కెర్బ్ ఒక తీగ, టో (స్లోపు అడుగు అంచు) ఒక తీగ. ఈ ఆలోచన 1970ల్లో బ్రిటన్‌లో పుట్టిన మాస్ అనే సిస్టంలోది, ఎమ్ఎక్స్ కూడా దాని వారసత్వమే. 12డిలో చెయిన్ అని ఒకటుంటది, మీరు చేసే స్టెప్పులన్నీ వరసగా రాసి పెట్టుకుంటారు, ఇది రీకాలిక్యులేట్ చేయి, ఆ టిన్ కట్టు, ఆ వాల్యూమ్ తియ్యి, ఈ షీట్లు ప్లాట్ చేయి అని. ఐపీ జరిపి చెయిన్ రన్ చేస్తే మొదటినుంచి చివరిదాకా అన్నీ మళ్లీ చేసుకుంటూ పోతది. నా ఐపీ పరీక్షలో దీనికే ఎక్కువ మార్కులు పడతాయి, నిజం చెప్పాలంటే. కానీ చెయిన్ రాసినవాడు వెళ్లిపోతే దాన్ని అర్థం చేసుకునేవాడు దొరకడం కష్టం, స్క్రీన్ చూస్తే ఏదో పాతకాలం ప్రోగ్రాంలా ఉంటది, ఆ మార్కెట్ బయట ఉద్యోగాలు తక్కువ.

మిగతావి తొందరగా చెప్పేస్తా. ట్రింబుల్ నోవాపాయింట్ నార్డిక్ దేశాల్లో బాగా నడుస్తది, అక్కడి పని ఉంటే తప్ప వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. కార్ల్‌సన్ సివిల్ ఆటోక్యాడ్ లేకుండా ఇంటెల్లిక్యాడ్ మీద కూడా నడుస్తది, సర్వే, చిన్న రోడ్లు, లేఅవుట్ రోడ్లకి సరిపోద్ది. బ్రిక్స్‌క్యాడ్‌లో కూడా టిన్, అలైన్‌మెంట్, కారిడార్ వచ్చేశాయి, డీడబ్ల్యూజీలోనే పనిచేస్తది, కానీ సివిల్ త్రీడీ కారిడార్‌ని అందులో తెరిచి ఎడిట్ చేద్దాం అనే ఆశ పెట్టుకోకండి. ఇన్‌ఫ్రావర్క్స్ కాన్సెప్ట్ దశకి, మీటింగ్‌లో చూపించుకోడానికి. ఫ్రీక్యాడ్‌కి రోడ్డు వర్క్‌బెంచ్ ఉంది, నేర్చుకోడానికి, కుతూహలానికి వాడండి, దాని మీద కాంట్రాక్ట్ పెట్టకండి. ఇక ఉత్త ఆటోక్యాడ్, ఎక్సెల్ కలిపి చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అర కిలోమీటర్ యాక్సెస్ రోడ్డుకి అదే ఫాస్ట్, నేనూ చేస్తా. ఐపీ జరిగితే మాత్రం మళ్లీ మొదటికే.

ఎంత మంచిది కొన్నా కొన్ని విషయాలు సాఫ్ట్‌వేర్ మీకోసం ఆలోచించదు. డెమోలో ఎవరూ చూపించరు కాబట్టి చెప్తున్నా.

ఒకటి, కారిడార్ ఫ్రీక్వెన్సీ. కారిడార్ అనేది ప్రతి ఇన్ని మీటర్లకి ఒక సెక్షన్ వేసి, మధ్యలో తిన్నగా కలిపేస్తది. 50 మీటర్ల రేడియస్ కర్వ్‌లో 10 మీటర్లకి ఒకటి పెట్టారనుకోండి, కార్డ్ (రెండు సెక్షన్ల మధ్య తిన్నని దూరం) స్క్వేర్ బై 8 ఇంటూ రేడియస్, అంటే 100 బై 400, పావు మీటరు. మీ ఎడ్జ్ అసలు ఉండాల్సిన చోటు నుంచి 25 సెంటీమీటర్లు లోపలికి ఉంది! 2 మీటర్లకి పెడితే ఒక సెంటీమీటరే తేడా. 500 రేడియస్‌లో అయితే 10 మీటర్లకీ రెండున్నర సెంటీమీటర్లే, పర్లేదు. ఆ ఫైల్ నేరుగా మెషిన్ కంట్రోల్‌కి, గ్రేడర్‌లోకి వెళ్లేదైతే ఇది చాలా ముఖ్యం, కాగితం మీద మాత్రం ఎవరికీ కనబడదు. అన్నిచోట్లా 1 మీటర్ పెట్టేస్తే పోలా అంటారా, పెట్టండి, రీబిల్డ్ అయ్యేలోపు ముసలాళ్లయిపోతారు.

రెండోది గ్రిడ్ (మ్యాప్ మీద దూరం), గ్రౌండ్ (నేల మీద అసలు దూరం) తేడా. సర్వే యూటీఎం అనే మ్యాప్ కోఆర్డినేట్ సిస్టంలో వస్తే సెంట్రల్ మెరిడియన్ దగ్గర స్కేల్ ఫ్యాక్టర్ 0.9996, అంటే కిలోమీటర్‌కి 40 సెంటీమీటర్లు, 10 కిలోమీటర్లకి 4 మీటర్లు. డ్రాయింగ్‌లో పొడవు ఒకటి, సైట్‌లో టేపు పెడితే ఇంకోటి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా కోఆర్డినేట్ సిస్టం పెట్టుకోనిస్తది, కానీ సర్వేయర్ గ్రౌండ్‌లో ఇచ్చాడా గ్రిడ్‌లో ఇచ్చాడా అని దానికెలా తెలుస్తది, మీరే అడగాలి.

మూడోది డిజైన్ చెకింగ్. సివిల్ త్రీడీలో ఆష్టో (అమెరికా హైవే ప్రమాణాల సంస్థ) క్రైటీరియా ఫైల్ పెట్టి కర్వ్ వేస్తే, రేడియస్ చాలకపోతే చిన్న పసుపు త్రికోణం వస్తది. అంతే! ఆపదు. చాలామంది ఆ త్రికోణం చూసి చూసి అలవాటైపోయి పట్టించుకోరు. కనీస రేడియస్ కావాలంటే సూపర్ (కర్వ్‌లో రోడ్డుకిచ్చే అడ్డవాలు), ఫ్రిక్షన్ కలిపి, దాన్ని 127తో గుణించి, వచ్చినదానితో స్పీడ్ స్క్వేర్‌ని భాగించాలి, 80 స్పీడ్, సూపర్ 7 శాతం, ఫ్రిక్షన్ 0.15 అయితే 229 మీటర్లు, ఈ మాత్రం లెక్క చేతిలో ఉండాలి. క్రెస్ట్ కర్వ్ (ఎత్తు ఎక్కి దిగే చోట వంపు) కూడా అంతే, ఆష్టో ప్రకారం 80 స్పీడ్‌కి కె వాల్యూ (గ్రేడ్ ఒక శాతం మారడానికి కావాల్సిన కర్వ్ పొడవు) 26, గ్రేడ్ల తేడా 5 శాతం అయితే కనీసం 130 మీటర్ల కర్వ్. మీ కోడ్‌లో నంబర్లు వేరే ఉంటే ఆ ఫైల్ మీరే తయారు చేసుకోవాలి, కొనేముందు అది రెడీగా దొరుకుతుందో లేదో కనుక్కోండి.

జంక్షన్లు ఎక్కువ ఉండే పనైతే ఇంకో విషయం. సివిల్ త్రీడీలో ఇంటర్‌సెక్షన్ విజార్డ్ ఉంది, నాలుగు క్లిక్కులకి అద్భుతంగా వస్తది, ఆ తర్వాత మెయిన్ రోడ్డు ప్రొఫైల్ మార్చి చూడండి, టార్గెట్లు (సెక్షన్ అంచులు పట్టుకుని వెళ్లే గీతలు) ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ కూర్చోవాలి. నేను విజార్డ్ మానేసి కెర్బ్ రిటర్న్స్ (జంక్షన్ మూలల్లో కెర్బ్ వంపులు) చేత్తోనే కట్టుకుంటా, ఏది దేనికి కట్టానో నాకు తెలుస్తది. ఓపెన్‌రోడ్స్‌లో సివిల్ సెల్స్ అని ఉంటాయి, ఒక జంక్షన్ రూల్స్‌తో సహా దాచుకుని ఇంకోచోట పెట్టుకోవచ్చు, ఒకేలాంటి టీ జంక్షన్లు ఇరవై ఉంటే దీని ముందు ఏదీ నిలబడదు. పాత రోడ్డు మీద ఓవర్‌లే, వైడెనింగ్ పనికైతే మూడింట్లో ఏదీ సుఖపెట్టదు, అక్కడ బాధ సాఫ్ట్‌వేర్‌ది కాదు, పాత రోడ్డు లెవెల్స్‌ది.

నేర్చుకునే కుర్రాళ్లకి నా సలహా, సివిల్ త్రీడీతో మొదలెట్టండి. గొప్పదని కాదు, ప్రాక్టీస్‌కి మెటీరియల్ దొరుకుద్ది, పక్క సీటువాణ్ణి అడగొచ్చు. విద్యార్థులకి ఆటోడెస్క్, బెంట్లీ రెండూ ఉచితంగా ఇస్తాయి కాబట్టి తర్వాత ఓపెన్‌రోడ్స్‌లో అదే రోడ్డు ఇంకోసారి చేయండి. అదే రోడ్డు, కొత్తది కాదు. అప్పుడే ఎక్కడ తేడా ఉందో బుర్రకెక్కుద్ది.

కొనేవాళ్లకి, డెమో ఇచ్చేవాడి ఫైల్‌తో డెమో చూడొద్దు. మీ పాత ప్రాజెక్ట్‌లోంచి 2 కిలోమీటర్ల ముక్క తీసుకోండి, ఒక రివర్స్ కర్వ్, ఒక టీ జంక్షన్, రెండు కల్వర్టులు, కటింగ్ కొంచెం, ఫిల్లింగ్ కొంచెం ఉండాలి. దాన్ని షీట్ల దాకా చేయించండి, ఎర్త్‌వర్క్ క్వాంటిటీ తీయించండి, దాన్ని మీ పాత లెక్కతో పోల్చండి. అప్పుడు మొదటి ఐపీ 10 మీటర్లు పక్కకి జరపమనండి, వాచీ చూసుకోండి. ఏవి వాటంతటవే మారాయి, ఏవి రైట్ క్లిక్ చేస్తే మారాయి, ఏవి చేత్తో మార్చాల్సి వచ్చింది, సూపర్ మళ్లీ లెక్కేయాల్సి వచ్చిందా, షీట్ ఫ్రేములు పాత చోటే ఉండిపోయాయా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. చివర్లో ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పని చేయని ఇంకో మనిషి సిస్టంలో తెరిపించండి. సివిల్ త్రీడీలో పెద్ద సర్ఫేస్ ఉంటే డ్రాయింగ్ పక్కనే ఎంఎంఎస్ అని ఇంకో ఫైల్ తయారవుద్ది, అది లేకుండా డ్రాయింగ్ ఒక్కటే పంపితే అవతల సర్ఫేస్ రాదు. ఓపెన్‌రోడ్స్ అయితే రిఫరెన్స్ ఫైళ్లు, వర్క్‌స్పేస్ రెండూ వెళ్లాయో లేదో చూడాలి. అవతలి వ్యక్తి మీకు ఫోన్ చేయకుండా ఒక క్రాస్ సెక్షన్ తీయగలిగితే, దానికి ఆర్డర్ పెట్టొచ్చు.